బడి తొట్టిలో నీలం

మృగశిర కార్తె, ఆఖరి రోజు

బడి తొట్టి: ముప్పావు. రంగు మామూలు.
జట్టు తొట్టి: సగం. రంగు మామూలు.
ఆసుపత్రి తొట్టి: ఖాళీ. సంతోషం.

ఆ చివరి మాట రాయకూడదట. సమితి పెద్ద సుందరరామయ్య గారు నిన్న ఈ దినచర్య తిరగేసి, "ఏ తొట్లో ఎంతుంది, ఏ రంగులో ఉంది, అంతవరకే రాయి. నీ సొద ఎవడిక్కావాలి?" అన్నారు. ఎవరికీ అక్కర్లేదు కాబట్టే ధైర్యంగా రాస్తున్నాను. గాదెలో అందరి ఉచ్చా నా గదిలోకి దిగుతున్నప్పుడు నాలోంచి నాలుగు ముక్కలు బయటికి పోతే తప్పేమిటి?

మా ఏడో గాదెలో అడుగు అంతస్తుల్లో ధాన్యం. దాని నెత్తిన నా తొట్ల గది. ఆపైన జట్టు గది, ఆసుపత్రి, బడి, ఇళ్ళు. ఒక్కోదానికి ఒక్కో గొట్టం, గొట్టానికో తొట్టి. పొద్దున్నే ప్రతి తొట్టిలో ఊక బూడిద వేసి, కర్రతో తిప్పి, తేరాక డాబా మీది కూరమళ్ళకు పంపుతో కొడతాను. ఈ గాదెలో వంకాయ తిన్నవాడెవడూ నన్ను చిన్నచూపు చూడలేడు. చూస్తున్నారనుకోండి, తిన్నాక.

ఇది ఉద్యోగం కాదు, శిక్ష. మొన్న ఎండాకాలం సభలో సుందరరామయ్య గారు "మన గాదెలో ఎలక అనేది లేదు" అని సెలవిస్తుండగా, మెడకు మువ్వ కట్టిన ఎలకను ఆయన బల్ల కింద వదిలాను. ఆయన బల్లెక్కారు. ఎలక మాత్రం దొరకలేదు. అది ఇప్పటికీ అడుగున ధాన్యం గోడల్లో ఘల్లు ఘల్లుమంటూ తిరుగుతోంది. నాకు తొట్ల గది, దానికి ధాన్యం. న్యాయం ఇలా ఉంటుంది.

నా చదువు అడక్కండి. తొమ్మిది దాకా చదివాను. తొమ్మిది రెండుసార్లు చదివాను కాబట్టి అది బాగా వచ్చు.

ఆరుద్ర కార్తె, మొదటి రోజు

బడి తొట్టి: నిండుగా. మామూలు.
జట్టు తొట్టి: సగం. మామూలు.
ఆసుపత్రి తొట్టి: ఖాళీ.

వాన మొదలైంది. కిటికీలోంచి చూస్తే రేపల్లె వైపు మొన్నటిదాకా కనబడిన తాటితలలు ఇవాళ లేవు. నీళ్ళు పెరిగితే ఎలకలు పైకెక్కుతాయి. ఎలకలు ఎక్కితే ధూళి జ్వరం ఎక్కుతుంది. ఎలక ఉచ్చా పెంటా ఎండి దుమ్ములో కలుస్తాయి, ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. ముందు జ్వరం, తర్వాత నడుం నొప్పి, ఆ తర్వాత మనిషికి మూత్రం ఆగిపోతుంది. తొమ్మిదో గాదెలో నిరుడు ఆగినవాళ్ళలో మళ్ళీ పోసినవాళ్ళు తక్కువ.

అందుకే పిల్లలందరినీ ఈ వానాకాలం బడి అంతస్తులోనే పడుకోబెడుతున్నారు, అడుగు దుమ్ముకు దూరంగా. తల్లిదండ్రులు పొద్దున్నే కిటికీ దగ్గర చూసి పోవాలి, లోపలికి వెళ్ళకూడదు. మా అక్క కూతురు కుసుమ కూడా అక్కడే. ఆ పిల్లకు నా పోలిక వచ్చిందని మా అక్క నాగేంద్రమ్మ బాధ.

పెద్ద గాదె నుంచి పడవలో డాక్టర్ రెహానా గారు వచ్చారు. అడుగు జట్టును కూర్చోబెట్టి మాట్లాడారు. జట్టు అంటే ధాన్యంలోకి దిగి, మందునీళ్ళు చల్లి, తడిమీద ఎలక పెంట ఊడ్చి, బస్తాలు తిరగేసే మనుషులు. మా బావ ఏడుకొండలు అందులోనే ఉన్నాడు. నాకు అక్కడేం పని అంటే, వాళ్ళ ముద్ద తినడానికి వెళ్ళాను.

ఆ ముద్ద సంగతి చెప్పాలి. జట్టు మేస్త్రి అంజమ్మత్త దిగే ముందు పెద్ద బేసినులో అన్నం, గోంగూర పచ్చడి కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్ళ అరచేతిలో తలో ముద్ద పెడుతుంది. ముద్ద చేతిలో ఉండగా లేచినవాణ్ణి జట్టులోంచి తీసేస్తుంది. "నా చెయ్యి కాదన్నోడు కింద నా మాటేం వింటాడు?" అంటుంది. నేను మధ్యలో దూరి చెయ్యి చాపితే తిట్టి మరీ పెడుతుంది.

డాక్టరమ్మ లేత పసుపుపచ్చ మాత్రలు చూపించారు. "ఇవి ఒకప్పుడు కీళ్ళ నొప్పులకు వాడేవాళ్ళు. కొత్త మందులు చేసే ఫ్యాక్టరీలు నీళ్ళలో ఉన్నాయి కదా, ఉన్న మందులకే కొత్త పని నేర్పుకోవాలి. ఈ మందు ఉన్న చోట ఆ వైరసు ఒంట్లోని కణం లోపలికి పోలేకపోతోంది. గాజు గిన్నెలో చూశాం. మనుషుల్లో పనిచేస్తుందో లేదో మీరే చెప్పాలి."

"డాక్టరమ్మా, మోకాళ్ళ మందు ముక్కుకు పనిచేస్తదా?" అన్నాను.

"మీ నాలుక మీద కూడా పనిచేస్తే బాగుండును గరటయ్య గారూ," అన్నారావిడ. జట్టంతా నవ్వింది. నాకు ఆవిడ నచ్చింది.

ఆరుద్ర అయిదో రోజు నుంచి రోజుకో మాత్ర, కిందికి దిగేవాళ్ళకే, వానలు పోయేదాకా. ఆవిడ ఎదుటే వేసుకోవాలి. కోటిలింగం అడిగాడు, "పిల్లకాయలకమ్మా?"

"సరిపోవు," అన్నారు డాక్టరమ్మ.

 

ఆరుద్ర, ఆరో రోజు

బడి తొట్టి: నిండుగా. రంగు నీలం.

ఔను, నీలం. తప్పు రాయలేదు. బూడిద వేసి తిప్పేసరికి బడి తొట్టి బట్టలకు పెట్టే నీలిమందులా మారిపోయింది. బూడిద వెయ్యకముందు మామూలుగానే ఉంది. మిగతా తొట్లు ఎప్పటిలాగే ఉన్నాయి.

గాదెలో సగం మంది చూడటానికి దిగారు. సుందరరామయ్య గారు ముక్కుకు తుండు అడ్డం పెట్టుకుని, "ఏం కలిపావురా?" అన్నారు.

నేనేమీ కలపలేదు. ఆ మాటే నోటిదాకా వచ్చింది. ఈలోగా అంజమ్మత్త అంది, "వీడు కాక ఇంకెవుడు? చిన్నబిడ్డల ఉచ్చతో కూడా ఆటలేనంట్రా నీకు?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిడ వెనక జట్టంతా నవ్వింది. డాక్టరమ్మ వచ్చిన రోజు తర్వాత ఈ గాదెలో నవ్వు వినడం అదే మొదలు. ఎవరో ఇంత మంచి అల్లరి చేసి పేరు నాకిస్తుంటే వద్దనడానికి నేనేమన్నా సన్యాసినా?

"అది చెప్పేది కాదులెండి," అన్నాను.

డాక్టరమ్మ మెట్ల మీంచే నవ్వి వెళ్ళిపోయారు. తొట్టి దాకా రాలేదు. బడి కిటికీ దగ్గర కుసుమ, "మామయ్యా, ఎట్టా చేశావ్?" అంది. పెద్దయ్యాక చెప్తానన్నాను.

నాకు మాత్రం అనుమానం బావ మీద. నేను వంద మాటలంటే ఒకటి అనే మనిషి. ఒకసారి ఆయన చెప్పులు నేలకు అతికించేశాను. ఆ చెప్పుల్లో కాళ్ళు పెట్టి, అలాగే నిలబడి, సాయంత్రం దాకా గోడకు సున్నం వేశాడు. కదలాల్సిన అవసరమే లేనట్టు. నాకు ఏడుపొచ్చింది. ఇలాంటివాడు ఏదో రోజు బదులు తీర్చుకుంటాడని తెలుసు.

ఆరుద్ర, తొమ్మిదో రోజు

బడి తొట్టి: నీలం.
జట్టు తొట్టి: మామూలు.
ఆసుపత్రి తొట్టి: చెంబెడు. మామూలు.

కోటిలింగానికి జ్వరం. పిల్లల గురించి అడిగినవాడే. రోజూ మాత్ర వేసుకుంటున్న మనిషి. డాక్టరమ్మ ముఖంలో నవ్వు లేదు.

బడి తొట్టి ఇంకా నీలంగానే ఉంది. "ఇంక చాల్లేరా," అంటున్నారు జనం. ఆపడానికి నా చేతిలో ఏముంది? కానీ నాది కాదని ఇప్పుడు చెబితే పరువు పోతుంది. మా బావను పట్టుకుని కన్నుగీటాను. ఏం, అన్నట్టు చూశాడు. గట్టివాడు.

ఇంకోటి. ఇవాళ మువ్వ చప్పుడు నా గది గోడలోంచి వచ్చింది. నిన్నటిదాకా అడుగున ఉండేది.

ఆరుద్ర, పదకొండో రోజు

ఆసుపత్రి తొట్టి: ఖాళీ.

ఈసారి సంతోషం కాదు. నిన్న పొద్దుటి నుంచి ఆ గొట్టంలో చుక్క రాలేదు. సాయంత్రానికి కోటిలింగం పోయాడు. ఆయన కొడుకూ కూతురూ బడి కిటికీ పట్టుకుని నిలబడ్డారు. శవాన్ని పడవలోకి దింపుతుంటే పైనుంచి చూడనిచ్చారు, అంతే.

జట్టులో రమణమ్మకు కూడా జ్వరం తగిలింది.

డాక్టరమ్మ నా గదిలోకి వచ్చి బూడిద బస్తా మీద కూర్చున్నారు. పైన ఏడవడానికి చోటు లేనట్టుంది. "మందు పనిచెయ్యట్లేదు గరటయ్య గారూ. వేసుకున్నవాళ్ళకే వస్తోంది. మిగిలిన మాత్రలు ఎల్లుండి పడవలో తిప్పి పంపమని పెద్ద గాదె నుంచి కబురు. కీళ్ళ నొప్పులవాళ్ళకన్నా ఉపయోగపడతాయి."

"మరి జట్టు?"

"కిందికి దిగొద్దని చెప్పాలి. ఊడవకపోతే ఎలకలు బడిదాకా వస్తాయి. దిగితే వీళ్ళు పోతారు. ఏది చెప్పమంటారు?"

 

ఆరుద్ర, పన్నెండో రోజు

బడి తొట్టి: నీలం.
జట్టు తొట్టి: మామూలు.
ఆసుపత్రి తొట్టి: రెండు చెంబులు. నీలం.

బూడిద వేసి ఒక్క తిప్పు తిప్పానో లేదో ఆసుపత్రి తొట్టి నీలమైంది. 

ఆసుపత్రిలో ఉన్నది రమణమ్మ ఒక్కతే. మంచం మీంచి లేవలేని మనిషి నాతో పరాచికాలాడదు కదా. పైకి పరిగెత్తి డాక్టరమ్మను అడిగాను, "రమణమ్మకు కొత్తగా ఏమన్నా ఇచ్చారా?"

"అదే మాత్ర. జబ్బు ముదిరాక పెద్దగా పనిచెయ్యదేమో. అయినా ఊరికే కూర్చోలేక, నూరి నీళ్ళలో కలిపి నేనే తాగించాను. ఎందుకు?"

"ఊరికే," అని వచ్చేశాను.

మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాను. మాత్ర మింగిన మనిషి ఉచ్చలో బూడిద పడితే నీలం వస్తోంది. అంటే జట్టు తొట్టి మాత్రలు మొదలైన రోజు నుంచీ నీలంగా ఉండాలి. లేదు. నీలంగా ఉన్నది బడి తొట్టి.

బావ జట్టు గదిలో ఒక్కడే కూర్చుని కాళ్ళకు గుడ్డలు చుట్టుకుంటున్నాడు.

"బావా, నోరు తెరువు."

"ఏందిరా, నేనేమన్నా సంతలో గేదెనా?"

"తెరువు బావా."

తెరవలేదు. తెరవాల్సిన పని కూడా లేదు. పొద్దస్తమానం వక్కపలుకు దాచుకునే దవడ ఆయనది. గడ్డం పట్టుకుని కుడి బుగ్గ నొక్కాను. లేత పసుపుపచ్చ మాత్ర చేతిలో పడింది. తడిసింది, అంతే, కరగలేదు.

"ఎన్నాళ్ళనించి?"

"మొదట్నించీ." గుడ్డ చుట్టడం ఆపలేదు. "కిటికీకాడ కుసుమ చేతిలో పెడతా. సగం తనకి, సగం పక్కనుండే కోటిలింగం కూతురికి. కోటిలింగం తన మాత్ర కొడుకుకిచ్చేవాడు. అందరం అంతే. అంజమ్మత్తతో సహా."

"అందరూ అంతేనా? ఒకళ్ళకొకళ్ళు తెలుసా?"

"ఎవరూ అడగలా. తెలవకేం?"

నాకు కోపం వచ్చింది, దాంతోపాటు నవ్వు వచ్చింది, అది సగంలో ఆగిపోయింది. గాదెలో అల్లరివాణ్ణని నాకు పేరు. ఇంతమంది ఇన్నాళ్ళు డాక్టరమ్మ కళ్ళెదుట బుగ్గల్లో మాత్రలు దాచుకుని తిరిగారు. నాకు వాసన కూడా తగల్లేదు.

"బావా, మందు పనిచెయ్యట్లేదని డాక్టరమ్మ రేపు తిప్పి పంపిచ్చేస్తంది. మీరు మింగకపోతే అదేం పనిచేస్తది? నేను చెప్పేస్తున్నా."

"చెప్పు. చెప్తే ఏమైతది? మా నోట్లో ఏలుపెట్టి మింగిస్తారు. పిల్లకాయలకి సున్నా. నీ మేనకోడలుకి సున్నా." అప్పుడు తలెత్తి చూశాడు. "మువ్వ యాడ మోగతందో విన్నావా నువ్వు? నేను విన్నా. బడి కప్పులో."

చెయ్యి పట్టుకుని లేపబోయాను. ఆ చెయ్యి కాలిపోతోంది.

"జ్వరమా?"

"నిన్నట్నించి. మీ అక్కకి చెప్పమాక."

ఆరుద్ర, అదే రోజు, మధ్యాహ్నం

ఒక రోజుకు రెండుసార్లు రాయకూడదని నియమం. కొట్టేసుకోండి.

డాక్టరమ్మకు చెప్పాను. బావను ఆసుపత్రిలో పడుకోబెట్టాకే చెప్పాను. ఆవిడ కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

"ఆ నీలం మీరు కలిపానన్నారు."

"కలపలేదు."

"మరి ఆ రోజు ఎందుకన్నారు?"

"అందరూ నవ్వారండి. అందుకని."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండును. "నేను ఆ రోజు నాలుగు మెట్లు దిగి ఉంటే," అన్నారు తనలో తాను. తర్వాత ఒక మాత్ర తీసి నాకిచ్చారు. "నా ఎదురుగా మింగండి. నోరు తెరవండి. నాలుక ఎత్తండి. బుగ్గలు."

మింగాను. రెండు గంటలాగి, ఆవిడ ఇచ్చిన సీసాలో నా వంతు పోసి, చిటికెడు బూడిద వేశాం. నీలం. తర్వాత జట్టులో అందరి దగ్గరా ఒకే డబ్బాలో పట్టించాను, ఎవరిది ఏదో తెలియకుండా, ఏ ఒక్కరూ తల దించుకునే పని లేకుండా. డబ్బా నిండా బూడిద పోసినా రంగు మారలేదు.

అంజమ్మత్త డబ్బాకేసి చూస్తూ, "నాకు ముగ్గురు మనవరాళ్ళమ్మా," అంది. 

మా అక్క వచ్చింది. అంతా విన్నది. నా దగ్గరకొచ్చి చాలా నెమ్మదిగా అంది. "ఆ నీలం నీది కాదని ఆ రోజే అని ఉంటే, డాక్టరమ్మ అప్పుడే కనిపెట్టేది కదరా. మీ బావ నోట్లో మాత్ర అప్పుడే లోపలికి పోయేది." అరిస్తే ఎదురు మాట్లాడేవాణ్ణి.

పునర్వసు కార్తె, మొదటి రోజు

బడి తొట్టి: నీలం.
జట్టు తొట్టి: లేత నీలం. ఇదే మొదలు. కొందరు మింగినట్టున్నారు.
ఆసుపత్రి తొట్టి: అర చెంబు. నీలం. నిన్నటికంటే తక్కువ.

రమణమ్మ గట్టెక్కింది. లేచి గోడ పట్టుకుని ఇంటికి నడిచింది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నది బావ ఒక్కడే. కాబట్టి ఆ గొట్టంలో వచ్చేదంతా బావదే. ఆయనకూ డాక్టరమ్మ మాత్ర నూరి తాగిస్తున్నారు.

బడిలో సుందరరామయ్య గారి మనవడికి జ్వరం తగిలింది. ఆ పిల్లాణ్ణి వెంటనే పెద్ద గాదె ఆసుపత్రికి పడవలో తీసుకుపోయారు. ఆయన పిల్లాణ్ణి పడవెక్కించి, వెనక్కి తిరిగి నాకేసి చూశారు. ఆ చూపులో నా మీద కోపం లేదు. ఏదో అడుగుతున్నట్టు ఉంది.

డాక్టరమ్మ పిల్లల పక్కబట్టలు దులిపించారు. ఎలక పెంట దొరికింది, అన్ని చాపల మీదా. ఆ పిల్లాడి ఇంట్లో జట్టులో పనిచేసేవాళ్ళు ఎవరూ లేరు. వాడికి మాత్ర అందలేదు. అదే చాపల మీద, అదే దుమ్ములో పడుకున్న జట్టు పిల్లలు మాత్రం గోల చేస్తూ గోడలెక్కుతున్నారు. చాలామందికి అందింది సగం మాత్రే, అన్నకు సగం చెల్లెలికి సగం లెక్కన.

ఆవిడ ఒక్కొక్క పిల్లనూ పరీక్ష చేసి, కిందికి వచ్చి మళ్ళీ అదే బూడిద బస్తా మీద కూర్చున్నారు.

"ఇది రుజువు కాదు. పిల్లలు కొద్దిమంది, రోజులు కొద్ది. గట్టి అనుమానం అనొచ్చు. కానీ పిల్లలకు సగం సరిపోతుందేమో. అలా అయితే జట్టుకు పూర్తి మాత్ర, పిల్లలందరికీ సగం, మిగతావాళ్ళకు గుడ్డ మాస్కులు. వానలు పుష్యమి దాటకపోతే మాత్రలు చాలుతాయి."

"దాటితే?"

 "నా అసలు భయం అది కాదు గరటయ్య గారూ. వీళ్ళు మింగుతారని నమ్మకమేంటి? పిల్లలకు సగమే ఇస్తున్నారని మిగతా సగం దాచిపెట్టరా? రోజూ అందరి బుగ్గలూ నొక్కి చూడలేను."

"దాచుకోటానికి వీల్లేని చోట పెట్టండి," అన్నాను.

"ఎక్కడ?"

"అంజమ్మత్త చేతిలో."

పునర్వసు, రెండో రోజు

బడి తొట్టి: నీలం.
జట్టు తొట్టి: నీలం. చిక్కగా.
ఆసుపత్రి తొట్టి: ఖాళీ.

పొద్దున ఆ పూట మాత్రలన్నీ రోట్లో నూరి, పిడికెడు అన్నంలో బాగా కలిపి, దాన్ని తలా ఇంత చేసి, గోంగూర అన్నం కప్పి ముద్దలు చేసింది అంజమ్మత్త. డాక్టరమ్మ పక్కనే నిలబడి ప్రతి ముద్దా చూశారు. అందరూ చుట్టూ కూర్చున్నారు. ముద్ద చేతిలో పడ్డాక ఎవరూ లేవలేదు. దాన్ని విప్పి చూడలేదు, కొంగున కట్టుకోలేదు, బుగ్గన పెట్టుకోలేదు. ఆవిడ చేతి ముద్ద అలా చేసేది కాదు. తిన్నారు. ఒకరిద్దరు ఏడుస్తూ తిన్నారు. గోంగూర కారం అని చెప్పారు.

"పిల్లకాయలకీ నేనే కలుపుతా," అంది అంజమ్మత్త. "వాళ్ళకి కారం తగ్గిస్తా."

బావ స్థానం ఖాళీగా ఉంది. అక్కడ కూర్చుని చెయ్యి చాపాను. అంజమ్మత్త నన్ను తిట్టకుండా ముద్ద పెట్టడం ఇదే మొదటిసారి. "తిని దిగు. కింద కోతివేషాలెయ్యమాక," అంది. నోటికి గుడ్డ కట్టుకుని దిగాను. కింద చీకటి, తడి వడ్ల వాసన, గోడల్లో గీకుడు. వెయ్యి ఎలకలున్నాయేమో. నేను మువ్వ కట్టింది ఒక్కదానికే. మిగతావన్నీ చప్పుడు చెయ్యకుండా తిరుగుతున్నాయని ఇన్నాళ్ళూ ఆలోచించనే లేదు.

పైకొచ్చి స్నానం చేసి, తిన్నగా నా గదికే వచ్చాను. ఆసుపత్రి గొట్టం కింద చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది.

పునర్వసు, మూడో రోజు

ఆసుపత్రి తొట్టి: ఖాళీ.

మిగతావి రేపు రాస్తాను.

బావ వాచిపోయాడు. ముఖం ఆయనది కాదు. డాక్టరమ్మ చెయ్యగలిగిందంతా చేస్తున్నారు, చెయ్యలేనిది ఏమిటో దాచకుండా చెబుతున్నారు. కిడ్నీలు తెరుచుకోవాలి. తెరుచుకుంటే వస్తుంది. ఎదురుచూడాలి.

మా అక్క నాతో మాట్లాడటం లేదు. కానీ ఇవాళ నా గదిలోకి వచ్చింది. ముక్కు మూసుకోలేదు. గొట్టం ఏదని అడిగింది. చూపించాను. దాని కింద పీట వేసుకుని కూర్చుంది.

"పైన ఆయన పక్కనుండు అక్కా," అన్నాను.

"పైన ముందు తెలవదు. ఈడే ముందు తెలుస్తది," అంది.

నిజమే. అక్కడ అందరూ ముఖం చూస్తారు. ఇక్కడ గొట్టం ఉంది. కోటిలింగం సంగతి కూడా నాకే ముందు తెలిసింది.

ఇద్దరం కూర్చున్నాం. బడి గొట్టం గలగలమంటోంది. ఇళ్ళ గొట్టాలు గలగలమంటున్నాయి. గాదెలో అందరూ పోస్తున్నారు. సుందరరామయ్య గారు సైతం, ఇంత బాధలోనూ. ఇంతమందికి ఇంత తేలిగ్గా వచ్చేది ఒక్క మనిషికి రాకపోవడమేమిటి?

మువ్వ ఇవాళ వినబడలేదు. ఎలక చచ్చిందో, మువ్వ ఊడిపోయిందో. ఊడిపోయి ఉంటే అది ఎక్కడుందో ఇక మనకు తెలియదు.

పునర్వసు, నాలుగో రోజు

బడి తొట్టి: నిండుగా. నీలం.
జట్టు తొట్టి: సగం. నీలం.

ముద్ద తిని కిందికి దిగాను, ఊడ్చాను, పైకి వచ్చాను. వాన తగ్గలేదు. కొత్తగా ఎవరికీ జ్వరం లేదు. సుందరరామయ్య గారి మనవడు ఇంకా పెద్ద గాదెలోనే ఉన్నాడు, కబురు రాలేదు. కుసుమ కిటికీ దగ్గర, "మామయ్యా, నాన్న ఎట్టున్నాడు?" అంది. ఏదో ఒక అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. నాకు అబద్ధాలు కొత్త కాదు. కానీ ఆ పిల్ల మొహం చూసి మానుకున్నాను. "గొట్టం కాడ కూర్చున్నాం. రాగానే చెప్తా," అన్నాను. తల ఊపింది. ఏం రావాలో అడగలేదు. జట్టు పిల్ల.

కిందికి వచ్చేసరికి మా అక్క పీట మీద నిటారుగా కూర్చుని ఉంది. నన్ను చూసి వేలు నోటికడ్డం పెట్టుకుంది.

మిగతా గొట్టాల గోలలో నాకేమీ వినబడలేదు. ఆవిడ లేచి నా చెవి పట్టుకుని, చిన్నప్పుడు బడికి లాక్కెళ్ళినట్టు లాక్కెళ్ళి, ఆసుపత్రి గొట్టానికి ఆనించింది.

లోపల ఎక్కడో చుక్క పడింది. మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు.  మళ్ళీ పడింది. ఆ తర్వాత సన్నటి దారం లాగా, తెగుతూ, అతుకుతూ, తొట్టి అడుగున తడి మచ్చ పడింది.

మా బావ ఎప్పుడూ అంతే. వందకు ఒకటి.

బూడిద చిటికెడు తీసి ఇచ్చాను. మా అక్క వేసింది. కర్ర పెట్టడానికి కూడా చాలనంత ఉంది. వేలితో కలిపింది. ఇద్దరం తొట్టిలోకి తలలు పెట్టి చూశాం.

ఆసుపత్రి తొట్టి: పావు చెంబు. రంగు నీలం.